పాత సైనిక తుపాకి వెల

హౌరా నుండి మద్రాసు పోవు రైలుదారిలో ఆమదాలవలస యొక స్టేషను. పలకపై వ్రాసియుండు పేరు మాత్రము శ్రీకాకుళము రోడ్డు. అచ్చట దిగి శ్రీకాకుళము పోవు త్రోవలో శీతకాలమున కోత కోసిన వరిమళ్లును, నాగావళి పల్లపు నేలలును కనబడును. అట్టి తడినేలలే ఉల్లంకిపిట్టకు ఇష్టము. దాని ముక్కు ఒడలికి తగనంత పొడవు. రెక్కలు ఎండుగడ్డి రంగు. మనిషి కాలు ప్రక్కన మోపువరకు అది అచ్చట నున్నట్లే తెలియదు. తెలిసిన మరుక్షణమున లేచి, తిన్నగ పోక, అటొక వంపు ఇటొక వంపుగ ఎగిరిపోవును. దానిని తుపాకితో కొట్టుట చేయి తిరిగిన వేటగానికి గూడ కష్టము.

ఈ పిట్టకు ఇంగ్లీషున స్నైపు అని పేరు. మన దేశములో సైనికుల దండులందు కాలము గడిపిన ఇంగ్లీషు దొరలు 1770 ప్రాంతమున ఇంటికి వ్రాసికొన్న ఉత్తరములలో ఈ పిట్టవేటకు పోవుటను స్నైపింగు అని వ్రాసిరి. తరువాత ఆ మాట పిట్టను విడిచి మనిషిని పట్టుకొన్నది. పొంచి కూర్చుండి, దూరమున నున్న శత్రువు నొక్కనిని ఎన్నుకొని, ఒక్క తూటాతో పడగొట్టు సైనికునికి స్నైపరు అను పేరు స్థిరపడినది. లోకములోని అనేక సైన్యములు నేడు వాడుకొను ఈ మాట మన దేశపు బురదనేలలలో పుట్టినదని చాలమందికి తెలియదు.

మేమిప్పుడు చెప్పబూనినది ఆ స్నైపరు చేతి తుపాకిని గూర్చి. అందులోను దాని వెలను గూర్చి. యుద్ధము ముగిసిన పిదప తుక్కుతో సమానముగ అమ్ముడుపోయిన ఈ తుపాకులకు పశ్చిమదేశములలో నేడు లక్షల రూపాయల ధర పలుకుచున్నది. మన సీమలో అట్టి వస్తువునకు ధరయే లేదు. ఒకే వస్తువు, ఒకే నాడు తయారైనది, ఒకచోట పెట్టెలో పట్టుబట్ట చుట్టుకొని పడుకొనుటయు, మరియొకచోట కొలిమికి పోవుటయు ఎట్లు జరుగుచున్నదో విచారింపదగిన విషయము.

మొదట వస్తువును గూర్చి నాలుగు మాటలు. రైఫిలు అనగా గొట్టము లోపల మెలిదిరిగిన గాళ్లు చెక్కబడిన తుపాకి. ఆ గాళ్ల వెంట పోవు గుండు బొంగరమువలె తిరుగుచు తిన్నగ సాగును. గాళ్లు లేని నున్నని గొట్టము నుండి వెడలిన గుండు కొంత దూరము పోగానే త్రోవ తప్పును. దూరపు గురి యంతయు ఈ గాళ్లలోనే యున్నది. దానికి తోడు పైన ఒక దుర్బిణి బిగించినచో స్నైపరు తుపాకి యగును. 1914లో మొదటి ప్రపంచయుద్ధము మొదలైనప్పుడు జర్మనులకు అడవి వేటకు వాడు దుర్బిణి తుపాకులు సిద్ధముగ నుండెను; ఇంగ్లీషువారికి లేకపోయెను. ఫ్రాన్సు దేశపు కందకములలో తల యెత్తిన ఇంగ్లీషు సైనికుడు నేల గూలుచుండెను. హెస్కెత్ ప్రిచర్డు అను పెద్దవేటగాడు పట్టుబట్టి 1916లో ఈ విద్యకొక పాఠశాల నెలకొల్పిన పిమ్మటగాని వారి స్థితి చక్కబడలేదు.

రెండవ ప్రపంచయుద్ధమున ఇంగ్లీషువారు చేసిన స్నైపరు తుపాకి లీ ఎన్‌ఫీల్డు 4వ నంబరు. మన పోలీసులును, ఎన్.సి.సి. పిల్లలును, సైన్యమునుండి తిరిగివచ్చిన మన పెద్దలును త్రీనాట్‌త్రీ యని పిలుచు తుపాకి కుటుంబములోనిదే యిది. కర్మాగారమున తయారైన వేల తుపాకులలో గురి మిక్కిలి చక్కగ నున్నవానిని ఏరి, 1942 నుండి లండనులోని హాలెండ్ అండ్ హాలెండు అను ప్రసిద్ధ తుపాకుల కంపెనీకి పంపిరి. రాజులకును, సంస్థానాధిపతులకును వేటతుపాకులు చేసి యిచ్చిన కంపెనీ యది. వారు ఒక్కొక్క తుపాకికి 32వ నంబరు దుర్బిణిని అమర్చి, దాని గురిని సరిచూచి, ఆ దుర్బిణి సంఖ్యను తుపాకి కొయ్యమీద, చేయి పట్టుకొను మెడ దగ్గర, గట్టిగ అచ్చొత్తిరి. ఆ దుర్బిణి దూరపు వస్తువును మూడింతలు చేసి చూపును. అంతకన్న ఎక్కువ కాదు. ఈ పద్ధతిలో తయారైనవి ఇరువది వేలకు పైమాటే. ఒక దుర్బిణి ఒక తుపాకికే. వేరొకదానికి మార్చిన గురి చెడును. అందువలన కొయ్యపై ఆ సంఖ్యను ఒత్తుట యవసరమైనది. ఆనాడు గురి చెడకుండుటకు ఒత్తిన ఆ సంఖ్యయే నేడు వెల నిర్ణయించునదైనది.

యుద్ధము ముగిసినది. ప్రభుత్వములకు ఇన్ని తుపాకులతో పనిలేకపోయెను. దుర్బిణులను ఊడదీసి వేరుగ అమ్మిరి. తుపాకులను వేరుగ అమ్మిరి. అమెరికాలో వేటగాండ్రు వానిని కొని, బరువు తగ్గుటకు కొయ్యను కోసి, తమకు నచ్చినట్లు చెక్కుకొనిరి. 1950లలోను, 1960లలోను అచ్చట సాధారణమైన ఎన్‌ఫీల్డు తుపాకిని ఇరువది ముప్పది డాలర్లకు పోస్టులో తెప్పించుకొనెడివారు. పుస్తకమును తెప్పించుకొన్నట్లే తుపాకిని తెప్పించుకొనుట! నాడు ఎవ్వరును ఇది దాచదగిన వస్తువని తలపలేదు. ఆ నిర్లక్ష్యమే నేటి అరుదుతనమునకు మూలము. తుపాకి, దాని దుర్బిణి, దుర్బిణి యుంచు రేకుడబ్బా, అన్నింటిని మోయు కొయ్యపెట్టె, వీనియన్నింటి సంఖ్యలును ఒకటితో నొకటి సరిపోవు జత నేడు దొరకుట కష్టము. దొరకినచో వేల డాలర్లు పెట్టి కొనువారున్నారు.

వెల పెరిగినచోట దొంగసరకు పుట్టుట లోకసహజము. మామూలు తుపాకికి క్రొత్త దుర్బిణి బిగించి, కొయ్యపై ఏదో యొక సంఖ్య ఒత్తి, అసలైనదని అమ్మువారు బయలుదేరిరి. అందుచేత కొనువాడు భూతద్దము పట్టుకొని ముద్రలు వెదకును. తుపాకి ఎడమప్రక్కన టి అను అక్షరమున్నదా, ఎన్‌ఫీల్డు పరీక్షకులు వేసిన టి.ఆర్. అను ముద్ర యున్నదా, కొయ్య క్రింద హాలెండ్ కంపెనీ గుర్తైన ఎస్ 51 యున్నదా, కొయ్యమీది సంఖ్యయు దుర్బిణిమీది సంఖ్యయు ఒకటేనా. మన ఊళ్లలో పాత దస్తావేజు చూపినప్పుడు పెద్దలు మొదట స్టాంపు కాగితమును వెలుతురునకు పట్టి చూచినట్లే యిదియును. గురి యెట్లున్నదని అడుగువారు తక్కువ. అది కాల్చుటకు కొన్న వస్తువు కాదు గదా.

రష్యా తుపాకి కథ వేరు. రెండవ యుద్ధమున స్టాలిన్‌గ్రాడు వీధులలో వసీలీ జైత్సెవ్ అను స్నైపరు పేరు పొందినాడు. ఆయన తుపాకిని ఆ నగరపు మ్యూజియములో నేటికిని చూపుచున్నారు. లుద్మిలా పావ్లిచెంకో అను యువతి 309 మంది శత్రువులను పడగొట్టినట్లు లెక్క. వారు వాడిన మోసిన్ నగాంటు తుపాకులు లక్షలకొలది తయారైనవి కనుక, సోవియట్ రాజ్యము విచ్ఛిన్నమైన తరువాత అవి అమెరికా అంగళ్లకు వరదవలె వచ్చినవి. మామూలు తుపాకి వంద డాలర్ల లోపుననే దొరకెడిది. తరువాత 2014లో ఉక్రెయిను వ్యవహారము మీద రష్యాపై ఆంక్షలు వచ్చినవి. 2021లో రష్యా తుపాకుల దిగుమతికి క్రొత్త అనుమతులను అమెరికా నిలిపివేసినది. వరద ఆగగానే ధర పైకెక్కినది. వస్తువులో మార్పు లేదు. అదే ఇనుము, అదే కొయ్య. మారినది శాసనము. శాసనము వెలను పుట్టించును అను మాటను ముందు చెప్పబోవు మన సీమ కథలో మరల చూడగలము.

వెలను పుట్టించునది మరియొకటి గలదు, అది కథ. దీనికి మేము చూపగల నిదర్శనము భయంకరమైనది. 1963 నవంబరు 22వ తేదీన అమెరికా అధ్యక్షుడు కెనెడీని కాల్చిన ఇటలీ దేశపు పాత సైనిక తుపాకిని హంతకుడు ఆస్వాల్డు పోస్టులో తెప్పించుకొనెను. దుర్బిణితో గూడ దాని ధర 19 డాలర్ల 95 సెంట్లు. ఆ హత్య జరిగిన రెండేండ్ల లోపల డెన్వరు నగరపు చమురు వ్యాపారి యొకడు హంతకుని భార్యకు పదివేల డాలర్లిచ్చి ఆ తుపాకి తనకు చెందవలెనని వాదించినాడు. 1965లో ప్రభుత్వము చట్టము చేసి దానిని తానే స్వాధీనపరచుకొన్నది. నేడది అచ్చటి జాతీయ పత్రాగారమున నున్నది. ఇరువది డాలర్ల తుపాకి పదివేల డాలర్లదగుటకు దానిలో ఒక్క మేకు గూడ మారలేదు. ఆ తరువాత 1968లో వచ్చిన చట్టము పోస్టులో తుపాకులను తెప్పించుకొను పద్ధతికి స్వస్తి చెప్పి, పరదేశపు పాత సైనిక తుపాకుల దిగుమతిని గూడ ఆపివేసినది. సరకు తగ్గినది, ఉన్నవాని వెల పెరిగినది.

ఇక మన సీమకు వత్తము. శాసనము, కథ అను రెండింటిలో ఇచ్చట దేనికిని కొదువలేదు.

ఆమదాలవలసకు పడమటగ బొబ్బిలి యున్నది. 1757 జనవరి 24వ తేదీన అచ్చటి కోటపై ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు మ్రోగినవి. విజయనగరము ప్రభువు పెద విజయరామరాజు ఆయనకు తోడుగ నుండెను. కోటలోనివారి చేతులలో నున్నవి ఎక్కువగ ఒత్తికి నిప్పంటించి పేల్చు జామగి తుపాకులు, కత్తులు, ఈటెలు. ఫిరంగికి అవి యెదురు కాజాలవు. కోట కూలినది, రంగారావు పడిపోయెను, తరువాతి రాత్రులలో నొకనాడు తాండ్ర పాపారాయుడు శత్రుశిబిరములో జొరబడి విజయరామరాజును చంపెను. ఆ పని చేసినది కత్తి. మా సీమలో జంగాలు రాత్రులకు రాత్రులు పాడిన బొబ్బిలికథలో ఆయన కత్తికి కీర్తి కలిగినది. తుపాకికి మన కథలలో పేరులేదు. దానిని మన కవులు చేతి వస్తువుగ గాక, దూరమునుండి వచ్చు మృత్యువుగనే చూచిరని మా తలంపు. దాచుకొనవలెనను బుద్ధి పుట్టకపోవుటకు ఇదియు నొక కారణము కావచ్చును.

1794 జూలై 10వ తేదీన పద్మనాభము దగ్గర చిన విజయరామరాజు కంపెనీ సైన్యముతో పోరాడి ప్రాణములు విడిచెను. ఆనాటి కంపెనీ సిపాయి భుజాన నున్నది చెకుముకిరాయి దెబ్బకు నిప్పు రాలి పేలు తుపాకి. అట్టి జాతి తుపాకులు, కంపెనీ ముద్రలతో గూడ, నేపాలు రాజుల పాత ఆయుధాగారములో వేలకొలది తుప్పుపట్టి పడియుండగా, 2003 ప్రాంతమున అమెరికా వ్యాపారులు వాని నన్నింటిని ఒక్కసారిగ కొని ఓడలలో తీసికొనిపోయిరి. తుడిచి, నూనె రాచి, ప్రమాణపత్రము జతచేసి అమ్మిరి. పద్మనాభమున మనవారి రొమ్మునకు గురిపెట్టిన జాతి తుపాకి నేడు ఏ టెక్సాసు వర్తకుని గోడమీదనో వ్రేలాడుచున్నది. మేము దీనికి కోపగించుట లేదు. అక్కడనైన నూనె రాచువాడు దొరికినాడు.

1857 సిపాయి తిరుగుబాటు తరువాత ప్రభుత్వము చేసిన యొక పనిని ఇచ్చట చెప్పవలెను. గాళ్లు గల ఎన్‌ఫీల్డు తుపాకిని ఇంగ్లీషు సైనికునికి ఉంచి, దేశీయ సిపాయికి అదే ఆకారము గల నున్నని గొట్టపు తుపాకిని ఇచ్చిరి. పైకి చూచిన రెండును ఒకటే. లోపల గాళ్లు లేవు. అనగా తుపాకి నిచ్చిరి, గురిని ఇయ్యలేదు. తరువాతి కాలమున కలకత్తా చెంత ఇషాపూరు కర్మాగారములో త్రీనాట్‌త్రీ తుపాకులు తయారైనప్పుడును, పోలీసులకును జైలు కాపలాదార్లకును కొన్నింటిని నున్నని గొట్టముతో, ఒకసారికి ఒకే తూటా పట్టునట్లు మార్చి యిచ్చిరి. వాని తూటా వేరు. సైన్యపు తుపాకికి పట్టదు. విచిత్రమేమనగా, అపనమ్మకముతో గురి తీసివేసిన ఈ తుపాకులనే నేడు విదేశములలో సేకర్తలు ప్రత్యేకముగ వెదకి కొనుచున్నారు.

సిపాయిల సంగతి యట్లుండగా, ప్రజల చేతనున్న తుపాకులకు 1878లో లార్డు లిట్టను కాలమున ఆయుధముల చట్టము వచ్చినది. లైసెన్సు లేక దేశీయుడు తుపాకి యుంచరాదు. దొరలకు ఆ నిర్బంధము లేదు. 1907లో మరియొక కట్టుబాటు వచ్చినది. సైన్యపు పాత మార్టినీ హెన్రీ తుపాకికి సరిపోవు కొలత గల తూటాలు తిరుగుబాటుదార్ల చేత పడునను భయముతో .450 కొలతను భారతదేశములోను, సూడానులోను నిషేధించిరి. పులులను, ఏనుగులను వేటాడు దొరలును, జమీందారులును వాడుచుండినది ఆ కొలతయే. ఇంగ్లాండు తుపాకుల కంపెనీలు వెంటనే .470, .465 మొదలగు క్రొత్త కొలతలను కల్పించినవి. నేడు లోకమంతటను ప్రసిద్ధికెక్కి, మేడ వెల పలుకు ఆ .470 జంటగొట్టపు తుపాకి పుట్టుటకు, మన దేశములో ఒక సర్కారు గుమాస్తా వ్రాసిన నిషేధపు టుత్తరువు కారణము. పులిని చూచి పుట్టినది కాదు, ప్రజలను చూచి పుట్టినది.

ఈ చట్టముల నడుమ విశాఖ మన్యములో అల్లూరి సీతారామరాజు తుపాకులను ఎట్లు సంపాదించెనో అందరు నెరుగుదురు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై వరుసగ పడెను. చింతపల్లిలో 11, కృష్ణదేవిపేటలో 7, రాజవొమ్మంగిలో 8, వెరసి 26 తుపాకులు. తూటాలు రెండున్నర వేల వరకు. కొనిపోయిన వస్తువుల లెక్కను ఠాణా పుస్తకములో వ్రాసి తన సంతకము చేసెను. దొంగ లెక్క వ్రాయడు. ఇది తిరుగుబాటు, దానికొక రసీదు గలదు.

ఒక నెల గడిచిన పిదప, సెప్టెంబరు 24న, దామనపల్లి ఘాటులో స్నైపరు విద్య యననేమో ఆ కొండలు చూచినవి. ఇరుకు త్రోవలో పోలీసు దళము నడచివచ్చుచుండగా రాజు దళమువారు చెట్లచాటున పొంచియుండి, ముందు నడచు దేశీయులను పోనిచ్చిరి. వెనుక వచ్చిన స్కాట్ కవర్డు, హైటరు అను ఇంగ్లీషు అధికారులను గురిచూచి కొట్టిరి. ఇరువురును అచ్చటనే పడిపోయిరి. గుంపుమీద గుండ్ల వాన కురిపించుట కాదు. ఎవరిని కొట్టవలెనో నిర్ణయించుకొని, తక్కినవారిని విడిచి, కొట్టుట. ఫ్రాన్సు కందకములలో ప్రిచర్డు పాఠశాల పెట్టి నేర్పిన విద్యను మన్యపు వేటగాండ్రు ఏ పాఠశాలయు లేక, దుర్బిణియు లేక, నెరవేర్చిరి. అక్టోబరులో అడ్డతీగల, రంపచోడవరము ఠాణాలకు వారు పోవునప్పటికి తుపాకులు చిక్కలేదు; ప్రభుత్వము మేల్కొనినది. మలబారు పోలీసు దళమును, అస్సాము రైఫిల్సును దింపినది. 1924 మే 7న రాజు వీరమరణముతో ఆ కథ ముగిసినది.

కథకు వెల గట్టుట లోకమున నాచారమైనచో, ఆ 26 తుపాకులలో ఒక్కదాని వెల యెంతయగునో ఊహింపుడు. ఆస్వాల్డు తుపాకికి ఒక హత్య కథగ నున్నది. వీనికి ఒక జాతి విముక్తి పోరాటము కథగ నున్నది. పైగా పశ్చిమదేశపు సేకర్త భూతద్దముతో వెదకు వస్తువు, అనగా ఏ తుపాకి ఎచ్చటనుండి ఎప్పుడు ఎవరి చేతికి పోయినదను లిఖితసాక్ష్యము, ఇచ్చట నాయకుని చేతివ్రాతతోనే కలిగెను. అయినను ఇచ్చట దానికి సంత లేదు. ఎందుకు లేదో చెప్పెదము.

స్వాతంత్ర్యము వచ్చిన తరువాత 1959లో క్రొత్త ఆయుధముల చట్టము చేయబడి 1962లో అమలునకు వచ్చినది. దొరకొక న్యాయము, దేశీయునికొక న్యాయము పోయినది. కాని సైన్యము వాడు కొలతలు ప్రజలకు నిషిద్ధములు అను పాతసూత్రము నిలిచినది. త్రీనాట్‌త్రీ నిషిద్ధము. పంటకాపునకును, అడవిప్రక్క రైతునకును ఇషాపూరు కర్మాగారము .315 అను వేరు కొలత రైఫిలును చేసి అమ్మినది. చూచుటకది త్రీనాట్‌త్రీకి తోబుట్టువు, తూటా మాత్రము వేరు. 1972లో వన్యప్రాణుల రక్షణచట్టము వచ్చుటతో వేట ముగిసినది. అదే సంవత్సరమున పురావస్తువుల చట్టము వచ్చి, నూరేండ్లు నిండిన చారిత్రకవస్తువును దేశము దాటింపరాదని శాసించినది. 1980ల నడుమ సామాన్యులు విదేశపు తుపాకులను దిగుమతి చేసికొనుట ఆగిపోయినది. దానితో దేశములో నున్న పాత విదేశపు వేటతుపాకులకు, లైసెన్సు గల కొద్దిమంది మధ్యనే, ఆశ్చర్యకరమైన ధర వచ్చినది. ఇంగ్లాండులో మోస్తరు ధర పలుకు తుపాకి ఇచ్చట దానికి ఎన్నోరెట్లు పలికినది. అది మంచి తుపాకియనుట చేత గాదు. మరియొకటి రాదనుట చేత.

సైన్యపు తుపాకులకు మాత్రము ఈ భాగ్యము గూడ లేదు. సర్కారు తుపాకి సర్కారునకే చెందును. కాలము తీరిన యెడల ప్రజలకు అమ్మరు. ఉత్తరప్రదేశపు పోలీసులు 2020 జనవరి 26వ తేదీ కవాతులో త్రీనాట్‌త్రీకి వీడ్కోలు చెప్పిరి. ఇనుమునకు వీడ్కోలు చెప్పుట మనవారికే చెల్లును. అంతటి సేవ చేసిన వస్తువులో మచ్చునకు కొన్నింటిని, ముద్రలు, సంఖ్యలు చెడకుండ, ప్రతి జిల్లా కేంద్రములో గాజుపెట్టెలో నుంచిన బాగుండునని మా మనవి. కాల్చుటకు వీలుకాని, పురావస్తువుగ మాత్రమే మిగిలిన ఆయుధమునకు చట్టములోని 45వ సెక్షను మినహాయింపు నిచ్చియే యున్నది.

సర్కారు సంగతి యట్లుంచి ఇండ్లలోని సంగతి చెప్పుదము. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలో పూర్వము ఎన్నో ఠాణేలు, జమీలు నుండెడివి. 1948 చట్టముతో జమీందారీలు పోయినవి. దివాణములలోని తుపాకులు వారసులకు వచ్చినవి. సైన్యములో అధికారులుగ పనిచేసి వచ్చినవారి యిండ్లలోను ఒకటి రెండు లైసెన్సు తుపాకులు కలవు. ఇట్టివి సంవత్సరములో కొన్ని నెలలు, ఎన్నికలు వచ్చినప్పుడెల్ల, ఠాణాకు పోయి వచ్చుచుండును. లైసెన్సుదారుడు మరణించిన పిదప వారసుడు తుపాకిని ఆలస్యము లేక ఠాణాలోగాని, లైసెన్సు గల వర్తకుని యొద్దగాని అప్పగించి, తన పేర లైసెన్సునకు దరఖాస్తు పెట్టుకొనవలెను. గడువు దాటువరకు ఎవరును అడుగని తుపాకి ప్రభుత్వపరమగును. అన్నదమ్ములు ఒకరు విశాఖపట్నములోను, ఒకరు అమెరికాలోను నుండగా, తాతగారి తుపాకికై కలెక్టరు కచేరి చుట్టు తిరుగువారెవరు? ఇట్లు ఠాణా మూలగదిలో చీటీ చినిగి, సంఖ్య తుప్పుపట్టి, ఎవరిదో తెలియని ఇనుమైనవి ఎన్నియో కలవు. 2019 సవరణతో ఒకరికి మూడు తుపాకులకు బదులు రెండే యుండవలెనని యేర్పడినది. మూడవది యున్నవారు ఏడాదిలోపల అప్పగింపవలసి వచ్చినది. వంశపారంపర్యముగ వచ్చినదైనను లెక్కకు లెక్కే. ఆ గడువులో ఏ తుపాకిని వదలుకొందురు? పనికివచ్చు క్రొత్తదానిని గాక, పాతదానినే గదా.

చట్టమును తప్పుపట్టుట మా ఉద్దేశము గాదు. తుపాకి అంగడి సరకైన దేశములలో జరుగుచున్న ఘోరములను రేడియోలో మీరందరును వినుచున్నారు. ఇరువది డాలర్లకు పోస్టులో వచ్చిన తుపాకి ఏమి చేసినదో ఇందాక చెప్పితిమి. మన ఊళ్లలో తుపాకికి సంత లేకపోవుట మేలే. కాని సంత లేని చోట వస్తువును కాపాడునది ధనము కాదు కనుక, జ్ఞాపకము కాపాడవలెను. జ్ఞాపకమునకు ఖర్చు లేదు. లైసెన్సు అక్కరలేదు.

కనుక ఇంట లైసెన్సు తుపాకి యున్నవారు, దానిని అప్పగించు దినము రాకముందే, ఒక కాగితము తీసికొని ఈ సంగతులు వ్రాసి యుంచవలెనని కోరుచున్నాము. గొట్టముపైని తయారుచేసినవారి పేరు. కిరీటముద్ర యున్నదా, అశోకస్తంభపు సింహముద్ర యున్నదా. ప్రక్కన చెక్కిన సంవత్సరము. సంఖ్య, ఒక్క అంకెయు తప్పక, ఒకటికి రెండుచోట్ల నున్నచో రెండును. ఎవరు, ఏ యూరిలో, ఏ వర్తకుని యొద్ద కొనిరి. మొదటి లైసెన్సు ఏ కలెక్టరు కాలమునాటిది. ఎలుగుబంటి పంటపై పడిన సంవత్సరమేది. పెండ్లిలో గాలిలోనికి పేల్చి పెద్దలచేత చీవాట్లు తిన్నదెవరు. ఒక ఛాయాచిత్రము తీసి ఆ కాగితమునకు జతచేయవలెను. ప్రతి యొకటి జిల్లా గ్రంథాలయమునకు ఇచ్చినను మంచిదే. తరువాత తుపాకి ఠాణాకు పోయినను, కొలిమికి పోయినను, ఆ కాగితము ఇంటి పెట్టెలో, పెండ్లి శుభలేఖలకును భూమి పట్టాలకును నడుమ, ఉండును.